చెయ్యి పడని చోటు

మా పెద్దక్క నడుస్తూ కనిపించడం మా వీధికి కొత్త. కుట్టుమిషను ముందు కూర్చుని ఉండగా మాత్రమే అందరూ చూశారు. షాపు అద్దంలోంచి తల, భుజాలు, వంగిన వీపు, అంతే. ఆవిడకి కాళ్ళున్నాయా అని వీధిలో సగం మందికి అనుమానం ఉండేదంటే నేను ఆశ్చర్యపోను. అలాంటి మనిషి ఒక ఉదయం వీపుకి పెద్ద సంచి తగిలించుకుని, గులాబీ పువ్వుల ప్యాంటు వేసుకుని రోడ్డెక్కేసరికి, ఎదురుగా మందుల షాపు తెరుస్తున్నాయన షట్టరు సగంలోనే వదిలేసి, "ఇదిగో, సోఫా నడిచొస్తోంది!" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. ఆ ప్యాంటు నిజంగా సోఫా గుడ్డే. నడకకి వదులు బట్టలు కావాలన్నారని, ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసిన కవరుని అడ్డంగా కోసి కుట్టుకుంది. "గుడ్డ గట్టిదిరా. ముళ్ళు తగిలినా చిరగదు" అని అక్క సమర్థన. తమ్ముణ్ణి కాబట్టి మర్యాదకి నేనూ పక్కన నడిచాను. నా నడక టీ కొట్టు దాకానే సాగింది. అక్క మాత్రం వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అక్కా బావల షాపు వాళ్ళ ఇంటి ముందుగదిలోనే ఉంది. పైన వాటాలో నేనుంటాను. పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త ఒళ్ళు తొడగడం వాళ్ళ పని. పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. నింపడం బావది, కుట్టడం అక్కది. స్పాంజి, దూది, పీచు, స్ప్రింగులు ఆయన చూసుకుంటాడు. గుడ్డ, కత్తెర, మిషను ఆవిడవి. ఆయన నింపేటప్పుడు ఆవిడ తొంగి చూడదు, ఆవిడ కుట్టేటప్పుడు ఆయన నోరెత్తడు. "అందుకే షాపూ నిలబడింది, కాపురమూ నిలబడింది" అని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అక్క మిషను తొక్కుతూ చిన్నగా నవ్వేది.

బావ నింపుడులో ఒక కిటుకుంది. సోఫా తీసుకెళ్ళడానికొచ్చినవాళ్ళు ముందంచు మీద అరచేత్తో రెండుసార్లు నొక్కి, "బాగుందండీ" అంటారు. వెనక మూల ఎవరూ నొక్కి చూడరు. అందుకని బావ మంచి స్పాంజిని చెయ్యి పడే చోట పెట్టి, చెయ్యి పడని చోట చిన్నాచితకా ముక్కలు కుక్కేవాడు. "మోసమేముంది ఇందులో? సర్దుబాటు" అనేవాడు. అక్క దాని మీద నున్నగా గుడ్డ కుట్టేసేది. నింపుడు తన శాఖ కాదు కదా.

ఇక అడవి గొడవ ఎలా మొదలైందంటే, మా ఊళ్ళో ఒకాయనున్నాడు. పెళ్ళికైనా పరామర్శకైనా మోకాళ్ళ కిందిదాకా ఒకే జత బూట్లు వేసుకుని వస్తాడు కాబట్టి అందరికీ బూట్లాయనే. ఏటా కొంతమందిని వెంటేసుకుని అడవుల్లోకి నడిపించుకుపోవడం ఆయన వ్యాపకం. డేరా, వంట సామాను, తిండి, నీళ్ళు అన్నీ ఎవరి వీపున వాళ్ళే మోసుకోవాలి. ఆ సంచులు తిరిగొచ్చాక పట్టీలు తెగో, జిప్పులు ఊడో మా అక్క దగ్గరికి వచ్చేవి. ఏళ్ళ తరబడి ఆవిడే బాగుచేసేది. కుట్టే ముందు సంచిని తిరగేసి దులిపేది కదా, అడుగునుంచి ఎండుటాకులు, గడ్డిపరకలు, ఎర్రమట్టి రాలేవి. ఒకసారి అరచెయ్యంత వెడల్పున్న ఆకొకటి పడింది. వెనకవైపు వెండిరంగు. అక్క దాన్ని చిమ్మెయ్యలేదు.

"ఇదెక్కడిదండీ?" అని బూట్లాయన్ని అడిగింది.

"లోపల ఒక చెరువుందమ్మా. మూడు రోజులు నడవాలి. రోడ్డు లేదు, కరెంటు తీగె లేదు, మనిషి లేడు. దాని ఒడ్డున ఈ చెట్లు. గాలొస్తే ఆకులన్నీ ఒక్కసారి తిరగబడతాయి. కొండంతా తెల్లగా అయిపోతుంది."

"ఆహా" అంది అక్క.

"మా సంచులు ఎన్నిసార్లు వెళ్ళొచ్చాయో! కుట్టిన మీరు మాత్రం ఒక్కసారీ రాలేదు" అన్నాడాయన నవ్వుతూ.

ఆయన హాస్యానికే అన్నాడు. కానీ అక్కకి ఆ మాట ఎక్కడో పట్టుకుంది. తన చేతి కుట్లు అన్నిసార్లు వెళ్ళొచ్చిన చోటికి తను ఒక్కసారైనా తన కాళ్ళ మీద, తన సంచి తనే మోసుకుని వెళ్ళాలి. అంతే, ఆవిడకి అంతకు మించి కోరిక లేదు. అప్పటికి యాభై ఏడు నిండాయి. కుడి మోకాలు మిషను తొక్కి తొక్కి అరిగిపోయి, మెట్లెక్కితే టకటకమని శబ్దం చేసేది.

బూట్లాయన కాదనలేదు. "రండి, కానీ నియమం నియమమే. ఒకరి సంచి ఇంకొకరు మొయ్యరు. బయల్దేరే ముందు రాతికొండ ఎక్కించి చూస్తాను. నిండు సంచితో పైదాకా ఎక్కినవాళ్ళే అడవికి. మీరైనా సరే, మా అమ్మైనా సరే."

అలా మొదలైంది. వాడకానికి పనికిరాని కాన్వాసుతో అక్క తనే సంచి కుట్టుకుంది. ఇసుక పోసి చిన్నచిన్న మూటలు కుట్టింది. మొదటిరోజు అన్నీ వేసుకుని మా మేడ మెట్లు ఎక్కిదిగింది. మూడో విడత దిగేసరికి మొహం సున్నం కొట్టినట్టయి, మెట్టు మీద కూలబడి, ఎంత పిలిచినా కాసేపటిదాకా పలకలేదు. బావ మంచినీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు. సగం నీళ్ళు అక్క ఒళ్ళోనే పోశాడు.

"ఎందుకే నీకీ యాతన? చెరువే చూడాలంటే ఊరి బయట లేదా? బస్సులో పోదాం" అన్నాడు.

"ఊరి చెరువుకి బస్సు వెళ్తుందండీ. అందుకే వద్దు" అంది అక్క.

మర్నాటినుంచి బావ ఒక కొత్త పద్ధతి పెట్టాడు. "ఇదిగో, మన ఏర్పాటు ప్రకారం నింపడం నా పని. నీ సంచి రోజూ నేనే నింపి పెడతాను. తూకం కూడా నేనే చూస్తాను. నువ్వు నడువు చాలు."

అక్క మురిసిపోయింది. "చూశావురా మీ బావని! వద్దు వద్దంటూనే ఎంత సాయం చేస్తున్నారో."

రోజూ పొద్దున అదో తంతు. బావ సంచిని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "అమ్మో! అమ్మమ్మమ్మో!" అని మూలుగుతూ ఎత్తి అక్క భుజాలకి తగిలించేవాడు. పైనుంచి ఆ మూలుగు వినే నేను నిద్ర లేచేవాణ్ణి. అక్క తిరిగి రాగానే గుమ్మంలోనే ఎదురొచ్చి, అంతే మూలుగుతో దించేవాడు. సంచిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను సాయం పడదామని చెయ్యి చాపితే, "నీకు నడుం పట్టేస్తుందోయ్ బావమరిదీ! కదలకు" అని కసిరాడు. నా నడుం మీద ఆయనకింత శ్రద్ధ ఉందని నాకప్పుడే తెలిసింది.

వారాలు గడిచేకొద్దీ అక్క నడక మారింది. మొదట వీధి చివరిదాకా, తర్వాత నీళ్ళ ట్యాంకు దాకా, ఆ తర్వాత ఊరవతల వంతెన దాటి. "ఇంకాస్త బరువు వెయ్యండీ" అనేది. బావ వేసేవాడు. సంచి నిండు గర్భిణిలా తయారైంది. బూట్లాయన బృందంలో ఒక బ్యాంకావిడ ఉంది. ఉద్యోగం మానేసినావిడ, చీపురుపుల్లంత ఉంటుంది. అక్క సంచి చూసి ఆవిడ కళ్ళు తేలేసింది.

"ఏం తింటారండీ మీరు?"

"మా ఆయన నింపుతారండీ, నేను మోస్తాను. అంతే" అంది అక్క గర్వంగా. సోఫా అని వెక్కిరించిన మందుల షాపాయన కూడా అప్పటికి, "అమ్మా, మోకాలి పట్టీ ఏదైనా కావాలా?" అని మర్యాదగా అడిగేవాడు. వద్దనేది. ఒళ్ళు తగ్గలేదు కానీ మనిషి నిటారుగా అయింది. మిషను ముందు కూర్చున్నా వీపు వంగేది కాదు. అక్కని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

రాతికొండ రోజు రానే వచ్చింది. నేను ఫ్లాస్కుతో కొండ కిందే ఉంటానని ముందే ఒప్పందం చేసుకున్నాను. బూట్లాయన అందరికీ అక్కడికక్కడే సంచులు నింపించాడు. డేరా, స్టవ్వు, బియ్యం, పప్పు, నీళ్ళ సీసాలు. అక్క తన సంచి పట్టీ పట్టుకుని ఒక్క చేత్తో ఎత్తబోయింది. సంచి కదల్లేదు. కింద ఏ రాయికైనా తగులుకుందేమోనని వంగి చూసింది.

"ఎక్కువ వేశారేమోనండీ నాకు?"

"అందరికీ ఒకటేనమ్మా. మీరు రోజూ మోసేదానికంటే తక్కువే" అన్నాడు బూట్లాయన. బావ తూచి చెప్పిన అంకె అక్క ఆయనకి ఎన్నోసార్లు చెప్పుకుంది మరి.

ఇద్దరు సాయంపట్టి తగిలించారు. నడిచింది. మొదటి మలుపుదాకా నాకు కనిపించింది, ఆ తర్వాత చెట్లు అడ్డొచ్చాయి. నేను టీ తాగాను. ఇంకో కప్పు తాగాను. అంతా పైకెళ్ళి దిగడానికి చాలా పొద్దు పడుతుందని చెప్పారు కానీ, ఫ్లాస్కు ఖాళీ అయ్యీ కాకముందే మనుషులు దిగుతున్న చప్పుడైంది. ముందు బూట్లాయన, చేతిలో అక్క డేరా. వెనక బ్యాంకావిడ, తన సంచి మీద అక్క స్టవ్వు కట్టుకుని. ఆ చీపురుపుల్ల ప్రాణి రెండు స్టవ్వులతో దిగుతుంటే, ఆవిడ వెనక మా అక్క ఖాళీ చేతులతో దిగింది. సగం కొండ కూడా ఎక్కలేకపోయిందట.

అందరూ చుట్టూ చేరారు. బూట్లాయన అక్కని కాస్త పక్కకి తీసుకెళ్ళి, మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా నాకు వినిపించింది.

"అమ్మా, ఇక్కడ ఎవరూ మార్కులు వెయ్యరు. మోయనిదాన్ని మోశామని చెప్పుకోవలసిన అవసరం లేదు."

అక్కకి ముందు అర్థం కాలేదు. "నేను మోశానండీ. రోజూ మోశాను."

"బరువు మోసిన భుజాలు నాకు తెలుస్తాయమ్మా. మీ భుజాల మీద గీత కూడా లేదు."

అబద్ధాలకోరు అన్న మాట ఆయన నోటినుంచి రాలేదు. రానవసరం లేకపోయింది. అక్క చున్నీ భుజం మీదికి లాక్కుంది. ఆ రోజు ప్యాంటు మీదికి చున్నీ కూడా వేసుకుంది, పెద్దవాళ్ళంతా వస్తారని. ఆటో ఇంటి మలుపు తిరుగుతుంటే, "నాకే ఏదో అయిందిరా. ఒంట్లో బాలేదేమో" అంది.

గుమ్మంలోకి అడుగు పెట్టాం. హాల్లో కుర్చీ వేసి ఉంది, దాని మీద రెండు దిండ్లు. ముందు వేణ్ణీళ్ళ తొట్టి, ఆవిరి కక్కుతూ. పక్కన స్టూలు మీద నొప్పుల మందు, మూత కూడా తీసి ఉంది. బావ తువ్వాలు భుజాన వేసుకుని ఎదురొచ్చాడు.

"మోకాలా, నడుమా?" అన్నాడు.

అక్క అక్కడే ఆగిపోయింది. తొట్టి వంక చూసింది. మూత తీసిన మందు వంక చూసింది.

"కొండ ఎక్కానా అని అడగలేదేమండీ?"

"అదే... ముందు కూర్చో. అలిసిపోయావు."

"ఊరంతా నేనే ముందు ఎక్కుతాననుకుంది. వీడు కూడా అనుకున్నాడు." వీడంటే నేను. "మీరొక్కరే వేణ్ణీళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నేను ఓడిపోయి వస్తానని మీకెలా తెలుసు?"

బావ తువ్వాలు ఈ భుజం మీదినుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "ఊరికే, జాగ్రత్తకి..." అన్నాడు.

అక్క ఆయన్ని దాటుకుని ముందుగదిలోకి వెళ్ళింది. సాధన సంచి గోడకి ఆనించి ఉంది. ఎన్ని వారాలు వీపున వేసుకున్నా, ఆ సంచి వీపుకి ఆనే వైపు తప్ప ఇంకోవైపు ఆవిడ చెయ్యి ఎప్పుడూ పడలేదు. ముందు అరచేత్తో వీపు వైపు నొక్కింది. గట్టిగా ఉంది. ఇసుక. తర్వాత సంచిని తిప్పి, వెనక అడుగున బొటనవేలుతో నొక్కింది. వేలు మొత్తం లోపలికి దిగబడిపోయింది.

నేను చూస్తున్నాను. ఆ వేలు అలాగే చాలాసేపు లోపలే ఉంది.

కత్తెర తీసి కుట్టు విప్పింది. వీపుకి తగిలే వైపు పలచగా ఇసుక మూటలు. వాటి వెనకంతా స్పాంజి ముక్కలు. పసుపు, తెలుపు, బూడిదరంగు, ఏయే సోఫాల్లోంచి మిగిలినవో అన్నీ. ఒక్కొక్క ముక్కే నేల మీద పేర్చింది, గిరాకీకి చూపిస్తున్నట్టు.

"మీ సర్దుబాటు" అంది.

బావ గోడకి జారగిలబడ్డాడు. ఆయన చెప్పిందేమిటంటే, మొదటి రోజు అక్క మెట్ల మీద పలక్కుండా కూర్చుంది చూశారా, ఆ రోజే ఒక్క మూట తీశాడట. రెండు రోజులు చూసి తిరిగి పెట్టేద్దామనుకున్నాడు. కానీ మర్నాడు అక్క వచ్చి, "ఇవాళ ఎంత తేలిగ్గా అనిపించిందో తెలుసా!" అని చిన్నపిల్లలా చెప్పేసరికి పెట్టలేకపోయాడు. ఇంకో మూట తీశాడు. బరువు పెంచమన్నప్పుడల్లా సంచి పెద్దదవ్వాలి కాబట్టి స్పాంజి కుక్కాడు.

"నీ మొహంలో ఆ వెలుగు చూస్తే చెప్పబుద్ధి కాలేదే. ఇంతలో ఏ అడ్డంకో వచ్చి ప్రయాణం ఆగిపోతుందిలే అనుకున్నాను. నా భయం నాది. ఒట్టు, నీ మంచికే..."

"పొద్దున్నే ఆ మూలుగు కూడా నా మంచికేనా?"

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

"ఇన్ని వారాలూ నమ్ముకుని నడిచాను" అంది అక్క. గొంతు పెంచలేదు. "నాకు కాళ్ళు వచ్చాయనుకున్నాను. ఈ వయసులో నాకంటూ ఒకటి వచ్చిందనుకున్నాను. అది మీ స్పాంజి. ఇవాళ ఆయన నన్ను అబద్ధాలాడే మనిషి అనుకున్నాడు. నేను రెట్టించి మరీ చెప్పాను, మోశానని."

వేణ్ణీళ్ళు అలాగే చల్లారిపోయాయి. అక్క కాళ్ళు పెట్టలేదు.

ఆ బృందం అడవికి వెళ్ళిపోయింది. బూట్లాయనకి అసలు సంగతి చెప్పేద్దామని నేను ఎగిరెగిరి పడితే అక్క ఆపింది. "నోరు మూసుకో. మీ బావని ఊళ్ళో నవ్వులపాలు చేస్తే నా మోకాళ్ళకి బలమొస్తుందా?" అంది. ఆవిడ అంత మింగుకుని కూర్చుంటే, బావ ఏం చేశాడు? వాళ్ళు తిరిగొచ్చిన మర్నాడు, ఎవరికీ చెప్పకుండా ఆ సంచీ స్పాంజీ పట్టుకుని వాళ్ళు నడిచే మైదానానికి పోయి అందరి ముందూ బోర్లించాడు. ఆ సంగతి మాకు బ్యాంకావిడ ద్వారా తెలిసింది. జిప్పు ఊడిన సంచి పట్టుకుని ఆవిడ షాపుకొచ్చింది.

"మీ ఆయన మీ మాట నిలబెట్టారండీ! తప్పంతా నాదే, మా ఆవిడ అబద్ధమాడలేదు అని చెప్పారు. మా అందరికీ కళ్ళు చెమ్మగిల్లాయంటే నమ్మండి. ఎంత ప్రేమండీ! మా ఆయనైతే నా సంచిలో ఇంకో రాయి వేసి పంపేవాడు."

"మీ ఆయనే మంచివారు" అంది అక్క జిప్పు చూస్తూ. "రాయి వేస్తే వేశానని చెప్తారుగా."

ఆవిడ వెళ్ళాక అక్క మిషను ఆపింది. బావ మూల పీచు దువ్వుతున్నాడు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"నన్నడిగి వెళ్ళారా?"

"నీ పేరు చెడకూడదని..."

"సంచి నాది. వీపు నాది. పేరు నాది. ఒక్కసారైనా నన్నడగాలని తోచలేదా మేస్త్రిగారూ?"

మేస్త్రిగారు అని ఆయన్ని గిరాకీలు పిలుస్తారు. అక్క నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. అప్పటిదాకా "ఏవండీ" తప్ప ఇంకో పిలుపు ఎరగదు. ఆ రోజునుంచి మేస్త్రిగారే. "మేస్త్రిగారూ, కత్తెర ఇలా ఇవ్వండి." "మేస్త్రిగారూ, అన్నం పెట్టేశాను." మర్యాదలో వీసమెత్తు లోటు లేదు. బావ ఆ మర్యాద భరించలేక పైన నా గదికి వచ్చి కూర్చునేవాడు. "తిట్టమనవోయ్. రెండు తిట్లు తిడితే పోతుంది" అనేవాడు. అక్క తిట్టలేదు.

వీధిలో అందరూ బావ వైపే. చూశారా, అదీ ఇబ్బంది. మా అత్తల దగ్గర్నుంచి మందుల షాపాయన దాకా, "భార్య అంటే అంత ప్రాణం" అని చెప్పుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ అక్క మొహం ఇంకాస్త బిగుసుకునేది. "వాళ్ళందరికీ అది ముద్దొచ్చిందిరా" అంది నాతో ఒకరోజు. "ఆ కొండ మీద కూలబడింది నేను కదా. అది ఎవరికీ కనపడలేదు."

షాపు ఏర్పాటు మారిపోయింది. నింపడం అక్క తీసుకుంది. బావ మిషను ముందు కూర్చున్నాడు. ఆయన కుట్టిన మొదటి కుర్చీ కవరు మీద కుట్లు తాగినవాడి నడకలా ఉన్నాయి. అక్క పక్కన నిలబడి ప్రతి కుట్టూ విప్పించి మళ్ళీ కుట్టించింది. సోఫాల్లో ముందూ వెనకా ఒకే స్పాంజి పడటం మొదలైంది. ఆ నెలాఖరుకి సామాను మోసే బండాయన గుమ్మంలో కూలబడి మొత్తుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఇదివరకు మీ సోఫాలు పూలబుట్టల్లా ఎత్తుకుపోయేవాణ్ణి. ఇప్పుడు రెండు అంతస్తులెక్కితే ప్రాణం పోతోంది. లోపల రాళ్ళేమైనా వేస్తున్నారా?"

"ఇంతకాలం నీకు బరువు తెలీలేదన్నమాట. నీకూ నాకూ ఒకటే అయింది, కూర్చో" అని అక్క మంచినీళ్ళిచ్చింది. బావ మిషను మీదికి ఇంకా వంగిపోయాడు.

అక్క సంచి మోత మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. రెండే రెండు మూటలు. వాటితోనే మేడ మెట్ల మీద మొహం సున్నమయ్యేది. అయినా కూర్చునేది, ఊపిరి తీసుకునేది, లేచేది. బావ నీళ్ళ గ్లాసు పట్టుకుని దూరంగా నిలబడేవాడు, దగ్గరికి రమ్మంటే తప్ప రాకుండా. మూటలు తనే నింపేది, తనే తూచేది, సంచి నోరు తనే కుట్టేసేది. ప్రతి ఉదయం తగిలించుకునే ముందు సంచిని తిప్పి, వెనక అడుగున బొటనవేలుతో ఒకసారి నొక్కేది. బావ చూసేలా కాదు, చూడకుండా ఉండేలానూ కాదు. ఆయన ఆ వేళకి గోడ మీద బల్లిని వెతుక్కునేవాడు.

వానలు వెలిసేసరికి అక్క భుజాల మీద రెండు నల్లటి గీతలు పడ్డాయి. వదులు జాకెట్లు మానేసి, మెడ కాస్త వెడల్పున్నవి కుట్టుకుంది. ఆ గీతలు కనపడాలని కాదట. గాలికట.

రాతికొండ ఎక్కింది. అందరికంటే ఆఖరున ఎక్కింది. అయినా సంచి వీపున ఉండగానే పైనున్న బండని ముట్టుకుని దిగింది. బూట్లాయన బూట్లు దగ్గరికి చేర్చి నిలబడి, "అమ్మా, పోయినసారి నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు. అక్క చెయ్యి అడ్డంగా ఊపింది. "మీరు చూసింది చెప్పారు. మిమ్మల్నేం అనుకోలేదు" అంది. 'మిమ్మల్ని' దగ్గర కాస్త ఆగింది.

బయల్దేరిన పొద్దున బావ మాకంటే ముందే లేచి గుమ్మంలో ఉన్నాడు. సంచి నేల మీద ఉంది. అలవాటు కొద్దీ రెండు చేతులూ చాపాడు. "ఎత్తనా?"

"అక్కర్లేదు మేస్త్రిగారూ."

సంచిని తిప్పి వేలితో నొక్కింది. తర్వాత నేల మీద కూర్చుని, వీపు ఆనించి, పట్టీల్లో చేతులు దూర్చి, పక్కకి ఒరిగి ఒక మోకాలి మీదికి వచ్చి, మెల్లగా లేచింది. మోకాలు టకమంది. ఎవరూ ముట్టుకోలేదు. బావ చాపిన చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. ఆవిడ మలుపు తిరిగాక గానీ దించుకోలేదు.

వారం తర్వాత తిరిగొచ్చింది. నల్లబడి, పెదాలు పగిలి, గోళ్ళనిండా మట్టితో. షాపులో నేల మీద కూర్చుని నాకు ఆ చెరువు గురించి చెప్పింది. గాలి రాగానే కొండంతా తెల్లబడిందట. ఆకులు తిరగబడ్డ చప్పుడు వానలా వినిపించిందట. రాత్రి చలిలో బ్యాంకావిడ గురకపెట్టి అడవి జంతువుల్ని దూరంగా ఉంచిందట. నేను పడీపడీ నవ్వాను. బావ మిషను ముందు ఉన్నాడు. కాలు పెట్టి ఉంది కానీ మిషను తిరగడం లేదు.

చివరికి ఉండబట్టలేక అడిగాడు. "బరువు... ఎంతుంది?"

అక్క సంచి వైపు గడ్డం ఊపింది. "ఎత్తి చూడండి."

బావ లేచి వెళ్ళి, రెండు పట్టీలూ పట్టుకుని లాగాడు. "అమ్మో!" అన్నాడు. ఏడాది కింద రోజూ పొద్దున్నే విన్న మూలుగు అది. అప్పుడది గొంతులోంచి వచ్చేది. ఇప్పుడు నడుంలోంచి వచ్చింది. సంచి మోకాలెత్తు లేచి మళ్ళీ కింద పడింది. ఆయన దాని మీదే చెయ్యి వేసుకుని, రొప్పుతూ అక్క వంక చూశాడు.

నేనూ చూశాను. ఆ మొహంలో ఏదైనా సడలుతుందేమోనని. అక్క లేచొచ్చి, ఆయన చెయ్యి తప్పించి, సంచి నోరు విప్పి, డేరా, స్టవ్వు, మిగతా సామాను బయట పెట్టింది. తిరగేసి దులిపింది. ఎర్రమట్టి రాలింది. గడ్డిపరకలు రాలాయి. వెండి ఆకులు నాలుగైదు రాలాయి. బావ వంగి ఒక ఆకు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదేనా?" అన్నాడు.

"అదే మేస్త్రిగారూ" అంది అక్క. ఖాళీ సంచిని వెనకవైపుకి తిప్పి, అడుగున బొటనవేలుతో ఒకసారి నొక్కి, మేకుకి తగిలించింది.